వెల్లుల్లి పథ్యం

ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినే అలవాటు నాకు లేదు. మాట సగంలో ఉండగానే "తెలుసులే" అనేస్తాను. పల్నాడు పల్లెల్లో ముప్ఫై ఏళ్లు నర్సుగా తిరిగినదాన్ని, నాకు తెలియనిది ఏముంటుందిలే అన్న పొగరు. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్లయింది, పొగరు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పొగరుతోనే నా కుక్కను చంపుకోబోయాను.

నా కుక్కంటే జాతికుక్కేం కాదు, వీధికుక్కే. మా ఊరు దుర్గిలో మా పక్కింటివాళ్లు రాతి బొమ్మలు చెక్కుతారు. వాళ్ల రాళ్ల కుప్ప సందులో పుట్టింది. తల్లి లారీ కింద పడి పోతే ఇదొక్కటే మిగిలింది. అప్పటికి మా ఆయన పోయి ఆరు నెలలు. మాకు పిల్లలు లేరు. పొద్దున లేస్తే పక్కింటి ఉలి చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో అలికిడి ఉండేది కాదు. నాలుగు రోజులు పాలు పోశాను, ఉండిపోయింది. దానికి పేరంటూ పెట్టలేదు. "ఏమే" అంటే వచ్చేది. మోకాలు పోటు పెడుతోందని, కూరలో ఉప్పు ఎక్కువైందని, పక్కింటి రాతిపొడి అంతా నా చీరల మీదే పడుతోందని రోజంతా దానితో చెప్పుకునేదాన్ని. చెవులు నిక్కబొడుచుకుని వినేది. ఊరు మొత్తం మీద నా మాట చివరిదాకా వినేది అదొక్కటే.

రెండుసార్లు ఈనింది. రెండుసార్లూ పిల్లలు దక్కలేదు. ఆ పిల్లల్ని వెతుక్కుంటూ అది ఇల్లంతా తిరుగుతుంటే చూడలేకపోయాను. మూడోసారి ఎదకొచ్చినప్పుడు ఊళ్లో కుక్కలన్నీ మా గేటు ముందే కాపురం పెట్టాయి. ఆ గోల సద్దుమణిగాక, ఇక లాభం లేదని, ఆటోలో మాచర్ల తీసుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను.

అక్కడి పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల. నా సర్వీసంత వయసు కూడా ఉండదు. కుట్లు వేసి, మత్తులో ఉన్నదాన్ని నా చేతికిచ్చి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది.

"కుట్లు నాక్కోకుండా మెడకి అడ్డం కట్టండమ్మా. దూకనీయొద్దు. తిండి తేలిగ్గా పెట్టండి. ఇంకా..."

"తెలుసులే డాక్టరమ్మా. నువ్వు పుట్టకముందు నుంచి నేను ఆపరేషన్ కేసులు చూస్తన్నా," అన్నాను.

ఆ పిల్ల ఇంకా ఏదో చెప్తూనే ఉంది. నేను గేటు దగ్గర ఆటో అతనికి చెయ్యి ఊపుతున్నాను.

ఇంటికొచ్చాక పక్కింటాయన పాత పెయింటు డబ్బా అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి, దాని మెడకి గరాటులాగా తగిలించాడు. నేను పథ్యం మొదలుపెట్టాను. మా వైపు కడుపు ఆపరేషన్ అయిన ఆడదానికి ఏం పెడతారో అదే. పాతబియ్యం మెత్తగా వండి, నేతిలో వేయించిన వెల్లుల్లి దంచి కలిపి, ముద్దలు చేసి పెట్టడం. పుండు తొందరగా మానుతుంది, వాతం చేయదు, నడుం గట్టిపడుతుంది. ఎంతమంది అత్తలకి చెప్పి కోడళ్లకి పెట్టించానో లెక్కలేదు. నా చేత్తో మాత్రం ఎవరికీ వండి పెట్టలేదు. పెట్టుకోవడానికి నాకు కూతురు లేదు. ఆ సాయంత్రం రోట్లో వెల్లుల్లి దంచుతుంటే సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

కారం వేయలేదు. అంత తెలివి ఉంది. ఉడికిన గుడ్డు చిదిమి కలిపాను. ఆ నేతి వాసనకు తినేసింది. రెండు రోజులు మూడు పూటలా అదే పెట్టాను. తినకపోతే డబ్బాలోకి చెయ్యి పెట్టి, నోరు తెరిచి మరీ పెట్టాను.

మూడో రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏమే" అంటే చెవి కూడా కదల్చలేదు. దగ్గరికి పోయేసరికి లేచి, డబ్బా ద్వారబంధానికి కొట్టుకుంటూ పోయి మంచం కింద దూరింది. నన్ను చూసే పోయింది. నాకు ఒళ్లు మండింది.

"అలిగావా? నీ మంచికే గదే చేయించింది. లోకంలో నీకొక్కదానికే చేసినట్టు ఏందే ఈ నాటకాలు?" అన్నాను.

అన్నాక నాకే ఎక్కడో విన్న మాటలాగా అనిపించింది. నేనన్నదే. దాచేపల్లి దగ్గర ఒక పల్లెలో పనిచేసేటప్పుడు, ఇద్దరు పిల్లల తర్వాత ఆపరేషన్ చేయించుకున్న ఒక అమ్మాయితో అన్నాను. ఆ పిల్లకి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆపరేషన్ అయి పది రోజులైనా గోడ వైపు తిరిగే పడుకుంది. వాళ్ల అత్త నాకు కబురు చేసింది. "నర్సమ్మా, మా కోడలు పలకటంలేదు, తింటంలేదు. నువ్వొచ్చి నాలుగు చీవాట్లు పెట్టు," అంది. పోయి కుట్లు చూశాను. శుభ్రంగా మానాయి. అడిగిన చీవాట్లు నాలుగూ పెట్టాను. ఆ అమ్మాయి ఇటు తిరగలేదు. నేను బస్సుకి టైమవుతోందని వచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున కుక్క కక్కుకుంది. పక్కింటావిడ వచ్చి, దాని పెదవి పైకెత్తి చూసింది.

"అక్కా, దీని చిగుళ్లు చూడు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాయి. ఇందాక పెరట్లో ఉచ్చ కూడా ఎర్రగా పోసింది."

అప్పటికప్పుడు ఆటో పిలిచి, దాన్ని ఒళ్లో పెట్టుకుని మాచర్ల పోయాను. డాక్టరమ్మ చూసి, ఏం పెట్టారని అడిగింది. పథ్యం సంగతి చెప్పాను. ఆ పిల్ల రాస్తున్నది ఆపింది.

"కుక్కలకి వెల్లుల్లి పడదమ్మా. రక్తం విరిగిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి పెట్టొద్దని ఆ రోజే చెప్పాను. మీరు ఆటో పిలుచుకుంటున్నారు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు తిరుగు సమాధానం చెప్పడం నాకొచ్చు. దానికి సెలైన్ ఎక్కుతుంటే పక్కన బల్ల మీద కూర్చుని, ఇది బతికితే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను. మూడు రోజులు అలా తిరిగాం. బతికింది. చిగుళ్లు మెల్లగా రంగు తిరిగాయి.

బతికింది గాని నా దగ్గరికి రాలేదు. పక్కింటావిడ పెరుగన్నం తెస్తే తినేది. ఆమెకి కొంచెం తోక కూడా ఊపేది. నేను పళ్లెం పెడితే పళ్లేన్ని చూసి, నన్ను చూసి, తల దించుకునేది.

"గుచ్చిన సూదులూ, మింగించిన మందులూ అన్నీ నీ చేతి మీదే గదక్కా. మర్చిపోయిద్దిలే," అంది ఆవిడ.

ఆవిడకేం, ఇంటినిండా మనుషులు. నేను ఈ గదిలోకి వస్తే డబ్బా టక్కున గుమ్మానికి తగిలి ఆ గదిలోకి పోయేది. ఆ టక్కు వింటుంటే దిగులేసేది. మా ఆయన పోయినప్పుడు చానా ఏడ్చాను గాని ఇలా చిన్నబోలేదు. ఆయన నన్ను వద్దనుకుని పోలేదు కదా. ఇది ఇంట్లోనే ఉండి వద్దనుకుంది.

బిస్కెట్లు పెట్టాను. మటన్ ఎముక తెచ్చి ఉడకబెట్టాను. బతిమాలాను, తిట్టాను, మళ్లీ బతిమాలాను. నేను పిలిచేకొద్దీ అది మంచం కింద ఇంకా లోపలికి జరిగేది.

ఒక మధ్యాహ్నం ఓపిక అయిపోయింది. నా పెరుగన్నం పళ్లెం పట్టుకుని మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. అన్నాల వేళ, పక్కింట్లో ఉలి ఆగింది. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత మంచం కిందికి వంగకుండానే, ఎదురు గోడని చూస్తూ, "నొప్పిగా ఉందా?" అన్నాను.

ఇంకేమీ అనలేదు. దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. పళ్లెంలో మెతుకులు ఎండుతున్నాయి. ఎంతసేపటికో డబ్బా మంచం కోడుకు తగిలింది. తర్వాత దాని అంచు నా మోకాలికి ఒత్తుకుంది. పెరుగన్నం పిడికెడు తీసుకుని డబ్బాలోకి చెయ్యి పెట్టాను. వెంటనే తినలేదు. అరచెయ్యంతా, వేళ్ల సందులన్నీ వాసన చూసింది.

"లేదే, వెల్లుల్లి లేదు," అన్నాను.

తినింది. నేను ఏడుస్తుంటే చెయ్యి కదులుతోందని పంటితో మెల్లగా పట్టుకుని ఆపి మరీ తినింది.

కుట్లు విప్పించి, డబ్బా తీసేసి చాలా రోజులైంది. ఇప్పుడు మళ్లీ "ఏమే" అంటే వస్తుంది. ఇది రాస్తుంటే నా కాళ్ల దగ్గరే పడుకుని ఉంది. దాచేపల్లి దగ్గర పల్లెలోని ఆ అమ్మాయి ఎప్పుడు ఇటు తిరిగిందో మాత్రం నాకు తెలియదు. కుట్లు మానాయి కదా అని నేను మళ్లీ ఆ ఇంటికి పోలేదు.