డిక్లైన్ చేస్తోందట

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని 'డిక్లైన్' అంటే ఏమిటని అడిగితే క్లాసంతా బొటనవేలితో గాలిని పక్కకి తోస్తారు. ఫోను కట్ చేయడం. అది వాళ్ళకి నేను నేర్పింది కాదు, ఫోను నేర్పింది. నేను చోడవరంలో ఇంగ్లీషు టీచర్ని. రిఫ్యూజ్ అంటే ముఖం మీద కాదనడం, డిక్లైన్ అంటే మర్యాదగా కాదనడం, రిజెక్ట్ అంటే చూసి పక్కన పడేయడం అని బోర్డు మీద రాసి చెప్పడం నా ఉద్యోగం. ఆ మర్యాదైన మాట దగ్గరికి వచ్చేసరికి ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

మనవాళ్ళు ఈ మాటలన్నిటికీ వెనక 'అయింది' తగిలించేశారు. లోను రిజెక్ట్ అయింది, సీటు క్యాన్సిల్ అయింది. ఎవరు కాదన్నారో ఆ వాక్యంలో ఎక్కడా కనపడడు. మా ఆయనకి మెయిన్ రోడ్డులో మోటారు సైకిళ్ళ సామాన్ల దుకాణం ఉంది. ఎవరి కార్డైనా మిషను తీసుకోకపోతే "డిక్లైన్ అయిపోయింది బాబూ, ఇంకోటియ్యి" అంటారు. ఆ మాటతో ఆయనకున్న పరిచయం అంతే.

మా అత్తగారిది రోలుగుంట వైపు పల్లె, చెరకు పండించే ఇల్లు. ఆవిడ కాదనే తీరే వేరు. ఎవరింటికి వెళ్ళినా, కాఫీ అనగానే "ఇప్పుడే తాగేనమ్మా" అనేది. మళ్ళీ అడిగితే "ఒద్దు తల్లీ" అనేది. మూడోసారి గ్లాసు చేతిలో పెడితే ఊదుకుంటూ ఆఖరి బొట్టు దాకా తాగేది. ఒక్కసారి అడిగి ఊరుకున్నవాళ్ళని ఇంటికొచ్చాక తిట్టుకునేది కూడా. ఆవిడ ఒద్దంటే ఇంకోసారి అడగమని అర్థం. ఇంట్లో అందరికీ తెలుసు, కొడుక్కి మరీ బాగా తెలుసు.

మొన్నటి వానల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పగలంతా మా ఆయన దుకాణం మూసుకుని మంచం పక్కన కూర్చునేవారు, బడి అయ్యాక నేను వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం వెళ్ళేసరికి ఆయన గొంతు వరండా దాకా వినిపిస్తోంది. మాడుగుల హల్వా అంటే అత్తకి ప్రాణం. దాన్ని పాలల్లో చిదిపి చెంచాతో ఆవిడ పెదాల మధ్య దూరుస్తున్నారు. పెట్టిందంతా చెంప మీదికి వచ్చేస్తోంది.

"నోరు తెరువమ్మా. సావాలనుందేటి నీకు?" అంటున్నారు.

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఏమిటిదంతా అని అడిగితే, నిన్నటి నుంచీ ఇదే వరసట. "డాక్టరే సెప్పేడు, అమ్మ డిక్లైన్ సేస్తందని. మొండికేసింది. అమ్మ సంగతి నాకు తెల్దేటి? బలవంతం సేస్తేగాని తినదు" అన్నారు.

నాకు తేడా కొట్టింది. నేరుగా డ్యూటీ డాక్టరు గదికి వెళ్ళాను. అనకాపల్లి వైపు కుర్రాడే. నేను వెళ్ళేసరికి ఫోనులో వాళ్ళమ్మతో శుభ్రంగా మన తెలుగే మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టేసి నాతో మాత్రం "షి ఈజ్ డిక్లైనింగ్ మేడమ్" అన్నాడు. ఒంట్లో శక్తి పోతోందనీ, మింగడం కూడా చేతకావడం లేదనీ, ఇంక కొద్ది రోజులేననీ నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఈ ముక్క మావారికి తెలుగులో చెప్పారా అన్నాను.

"తెలుగులో చెప్తే ఏడుస్తారు, గొడవలవుతాయి. ఇంగ్లీషైతే కాస్త సాఫ్ట్‌గా ఉంటుంది మేడమ్."

"ఎవరికండీ సాఫ్ట్?" అన్నాను. కేసు షీటు తిరగేస్తూ కూర్చున్నాడు.

ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు. ఆ డాక్టరు ఒక మాట విసిరేసి తన పని అయిపోయిందనుకున్నాడు. మిగతా వాక్యం మా ఆయన పూర్తి చేసుకున్నారు. లోనుకీ, సీటుకీ, కార్డుకీ అందరం తగిలించే ఆ 'అయింది' సరిగ్గా తల్లి దగ్గర ఆయనకి తోచలేదు. డిక్లైన్ అవుతోంది అనుకుని ఉంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవారు. డిక్లైన్ చేస్తోంది అనుకున్నారు కాబట్టి తిట్టారు. డాక్టరు తప్పించుకున్న ఏడుపు రెండు రోజులుగా తిట్ల రూపంలో ఆ ముసలి ప్రాణం మీద పడింది. మా ఆయన మీదా నాకు కోపమే వచ్చింది. డాక్టరు ఒక్క ఇంగ్లీషు ముక్క అనగానే తల్లి ముఖం చూడ్డం మానేయాలా?

వరండాలోనే ఆయనకి చెప్పాను. క్షీణించడం అనే మాట పుస్తకాల్లో తప్ప మా ఇంట్లో ఎవరూ ఎరగరు. ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా వాడకూడదనుకున్నాను.

"అత్త ఒద్దనట్లేదండీ. అయిపోతన్నాది."

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. "మరి డిక్లైన్ అన్నాడు గదా" అన్నారు. ఆ మాటకి రెండర్థాలున్నాయని చెప్పాను. ముఖం తుడుచుకుని లోపలికి నడిచారు. పాలగిన్నె ఆయన చేతిలోనే ఉండిపోయింది, ఇద్దరం గమనించలేదు.

అత్త కళ్ళు ముందు ఆ గిన్నె మీద పడ్డాయి. తర్వాత కొడుకు ముఖం మీద పడ్డాయి. బెదిరిపోయింది.

"నానొద్దన్లేదురా బాబూ" అంది. "దిగట్లేదు."

అని, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచింది.

ఆయన గిన్నె కింద పెట్టేసి మంచం మీద కూర్చున్నారు. "ఒద్దులేమ్మా" అన్నారు. చెంప మీది పాలు ఆవిడ పైటకొంగుతోనే తుడిచి మళ్ళీ అన్నారు, "ఒద్దులే."

ఆవిడ నమ్మలేదు. మూడోసారి అడుగుతాడనుకుందేమో, నోరు తెరిచే ఉంచింది.