చక్రాల ఇల్లు చూడ్డానికి రంగత్ దాకా

మా దీవుల్లో సిప్పీఘాట్ దగ్గర మాకు కొంచెం నేల ఉంది. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం వచ్చి చూసి వెళుతుంది. సునామీకి ముందు అది మా నాన్న అరటితోట. తరువాత నేల కుంగిపోయి ఉప్పునీళ్ళ రాకపోకలకు అలవాటు పడింది. అక్కడ పక్కా ఇల్లు కడతానంటే మేస్త్రీలు మర్యాదగా నవ్వుతారు. నేను గుమాస్తాగా రిటైరయ్యాను. గరాచర్మలో మేం అద్దెకున్న ఇంటివాళ్ళబ్బాయికి పెళ్ళి కుదిరి, నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. అప్పుడు తట్టింది నాకు ఉపాయం. నీళ్ళొచ్చినప్పుడు ఇల్లే లేచి గట్టెక్కితే సరిపోతుంది కదా!

అలాంటి ఇళ్ళు ఉన్నాయి. మామూలు ట్రైలరు లారీ తోకకి కొక్కెంతో తగులుకుని వస్తుంది. ఫిఫ్త్ వీల్ అనేది అలా కాదు. దాని ముందు భాగం మెడలా పైకి లేచి, లారీ వీపు మీదున్న గుండ్రటి ఇనుప పళ్ళెం మీద కూర్చుంటుంది. అందుకని దారిలో ఊగదు, మెడలో ఒక పడకగది కలిసొస్తుంది. ఇదంతా ఆరునెలలు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోల్లో మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. "అంట్లు ఎవరు తోముతున్నారో చూపించరేం?" అని మా ఆవిడ పార్వతి అడిగింది. చివరికి రెండు షరతుల మీద ఒప్పుకుంది. కాళ్ళు బారచాపుకుని పడుకోగలగాలి, పొయ్యి దగ్గర కిటికీ ఉండాలి.

రంగత్ దగ్గర రోడ్డు పని ముగించుకున్న ఒక కాంట్రాక్టరు, తన మనుషుల కోసం మెయిన్‌లాండ్ నుంచి తెప్పించిన మూడు ట్రైలర్లలో రెండు అమ్ముతున్నాడన్న కబురు మా బావమరిది సింహాచలం తెచ్చాడు. అతను మెకానిక్కు. మొదట వెళ్ళినవాళ్ళకి మూడింట్లో ఏది కావాలంటే అది. అమ్ముడుపోగా మిగిలినదాంట్లో యార్డు కాపలావాళ్ళు ఉంటారు. ఈ చివరి వాక్యం నేను విన్నాను. విన్నట్టు గుర్తు మాత్రం పెట్టుకోలేదు.

వెళ్ళేటప్పుడు బోటు, వచ్చేటప్పుడు బస్సు అనుకున్నాం. మీలో ఎవరైనా వెళ్ళదలచుకుంటే బోటు టికెట్టు ముందురోజే తీసుకోండి, ద్వీపవాసుల కార్డు మరిచిపోకండి. ఉదయం ఐదున్నరకల్లా ఫీనిక్స్ బే చేరాం. ఆరుంబావుకి బోటు కదిలింది. నా సంచిలో కొలత టేపు, టార్చిలైటు, పదిహేడు ప్రశ్నలు రాసుకున్న నోటుబుక్కు ఉన్నాయి. సింహాచలం సంచిలో చేగోడీలున్నాయి. ఏడు గంటల ప్రయాణంలో ఎవరి సంచి ఎక్కువ అక్కరకొచ్చిందో చెప్పనవసరం లేదు.

పక్క సీటులో ఒక ముసలావిడ బుట్టనిండా కోడిపిల్లలతో కూర్చుంది. ఎక్కడికని అడిగింది. ఇల్లు చూడ్డానికని చెప్పాను.

"ఘర్‌వాలీ కో నహీ లాయా?"

"నహీ అమ్మా."

"తో క్యా దేఖేగా తూ?" అని బుట్ట మీద గుడ్డ సవరించుకుంది. ఇల్లాలు లేకుండా నీకు ఇంట్లో ఏం కనబడుతుందిరా అని. అప్పుడు నవ్వాను. మధ్యాహ్నానికి ఆవిడ మాట కోడిపిల్లలతో సహా గుర్తొచ్చింది.

ఒంటిగంట దాటాక రంగత్ బే జెట్టీలో దిగాం. అక్కడి నుంచి బస్సులో రంగత్ బజారు, బజారు నుంచి ఆటోలో యార్డు. భోజనం చేసి వెళదామని సింహాచలం, మనకన్నా ముందు ఇంకెవడైనా వచ్చేస్తాడని నేను. నేనే గెలిచాను.

గేటు తీసినావిడకి నలభై అయిదేళ్ళుంటాయి. కాటన్ నైటీ మీద తువ్వాలు, చేతిలో చేపలు తోముతున్న కత్తి. "ఆయియే భయ్యా, సాహెబ్ నే ఫోన్ కియా థా" అంది. నేను కూడా హిందీలోనే "తాళాలు తెస్తారా దీదీ" అన్నాను. ఇక్కడ కొత్త మనిషితో హిందీయే మాట్లాడతాం. అవతలివాళ్ళు బెంగాలీయో, రాంచీవాళ్ళో, తమిళులో ఎవరికి తెలుసు? అందువల్ల మన తెలుగువాళ్ళకి ఇంకో సదుపాయం ఉంది. ఎదుటివాళ్ళ ముందే వాళ్ళ మీద తెలుగులో మాట్లాడుకోవచ్చు. చేపల బజారులో ఈ పద్ధతి మా తాతల నాటి నుంచీ పనిచేస్తోంది.

మొదటిది కొక్కెం ట్రైలరు. తలుపు తీయగానే కందిరీగలు పలకరించాయి, మేం బదులు చెప్పకుండా మూసేశాం. రెండోది ఫిఫ్త్ వీలే. ఇరుసులూ చక్రాలూ గట్టివి. కాని స్నానాల గది దగ్గర అడుగు వేస్తే నేల తడిసిన బిస్కట్టులా దిగింది. పొయ్యి దగ్గర కిటికీని రేకుతో మూసి మేకులు కొట్టేశారు.

మూడోది అసలైనది. మెట్ల మీద డాల్డా డబ్బాల్లో మిరపమొక్కలు, పైన వెదుళ్ళ మీద పరిచిన తాటాకు కప్పు, కిటికీలకి పాతచీరల తెరలు. పొయ్యి దగ్గర కిటికీలోంచి మడచెట్లూ, వాటి వెనక నీళ్ళూ కనిపిస్తున్నాయి. పార్వతి అడిగిన కిటికీ ఇదేనని చూడగానే అనుకున్నాను. లోపల మనుషులు బతుకుతున్నారని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పులతోనే ఎక్కాం.

తరువాత అరగంట మేం చేసినవి రాయాలంటే చెయ్యి రావడం లేదు. అందుకని త్వరగా రాస్తాను. అలమరలు తీసి చూశాను. మడతపెట్టిన బట్టలు పక్కకి జరిపి చెమ్మ ఉందేమోనని టార్చి వేశాను. మెడగదిలో వాళ్ళ పరుపు మీద పడుకుని కాళ్ళు చాపి, పొడవు సరిపోయిందని కేకేశాను. సింహాచలం నట్టింట్లో ఎగిరెగిరి దూకి నేల గట్టిదని తేల్చాడు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"బావా, ఈవిడ ఇందులోనే కాపరం ఎట్టీసింది. కొన్నాక పినాయిల్‌తో కడిగించాల" అన్నాడు సింహాచలం.

నేను డిగ్రీ చదివినవాణ్ణి. వాడికన్నా బాగా అనాలి కదా. "కడగడం ఎందుకురా? బండితోపాటు ఈవిణ్ణి కూడా ఇస్తారేమో అడుగు. స్పేరు టైరులా వెనక తగిలించుకుపోదాం" అన్నాను.

వాడు పడిపడి నవ్వాడు. ఆవిడ కూడా కాస్త నవ్వినట్టే అనిపించి, నవ్వులో నవ్వు కలిపే మంచి మనిషి అనుకున్నాను.

"ఖానా నహీ ఖాయా హోగా" అని భోజనం సంగతి ఆవిడే ఎత్తింది. వద్దన్నాం గాని మా కడుపులు మా మాట వినలేదు. చాప పరిచి అన్నం, సురమై చేప పులుసు వడ్డించింది. తనూ ఒక పళ్ళెంతో ఎదురుగా కూర్చుంది. నేను ముద్ద కలిపి నోటి దగ్గరికి తెచ్చేసరికి ఆవిడ కొంగులా తువ్వాలు తలమీదకి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ అన్నము కొరకు నీకు స్తోత్రము. దూరము నుండి ఇల్లు వెతుక్కొనుచు వచ్చిన ఈ ఇద్దరు అన్నదమ్ములను దీవించుము. వారికి తగిన గృహము దయచేయుము. వారి నోటి మాటలను కాపాడుము. ఆమేన్."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ చివరి వాక్యం ఆవిడ రోజూ చెప్పుకునేదేనా, మా కోసం చేర్చిందా అన్నది నేను ఈరోజుకీ తేల్చుకోలేకపోయాను. సింహాచలం చెవులు ఎర్రబడటం నేను చూడటం అదే మొదలు. నావి ఎలా ఉన్నాయో చూసే అద్దం దగ్గర లేదు.

"మీరు తెలుగువారా?" అన్నాను. ఇంతకన్నా తెలివైన ప్రశ్న ఏదీ అందుబాటులో లేదు.

"అవునండీ. మా తాత బారువ కాణ్ణుంచి వచ్చేడంట. నా పేరు సువార్తమ్మ. తినండి, సల్లారిపోతాది."

"మరి ముందే చెప్పలేదేం?"

"మీరు హిందీలో అడిగేరు, నేను హిందీలో సెప్పేను. అందులో ఏటుంది?" పులుసు గిన్నె సింహాచలం వైపు జరిపింది. "ఏసుకో తమ్ముడూ, ఎగిరెగిరి ఆకలేసుంటాది."

క్షమించమని అడగడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను నోటుబుక్కు తీశాను. సిగ్గుపడినప్పుడు గుమాస్తా కాగితాల వెనక దాక్కుంటాడు.

నా పదిహేడు ప్రశ్నలకీ ఆవిడ దగ్గర జవాబులున్నాయి. వీడియోలవాళ్ళ దగ్గర ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. ఆవిడ, ఆవిడ భర్త దానియేలు అందులో ఆరేళ్ళుగా ఉంటున్నారు. ఆయన ఆ రోజు రోడ్డురోలరుతో మాయాబందర్ వెళ్ళాడు. చక్రాల మీద బరువు ఉంచకూడదట, జాకీల మీదే నిలబెట్టాలి, లేకపోతే టైర్లు పగిలిపోతాయి. జాకీలు వంకరగా ఉంటే తలుపు పడదు. ఏప్రిల్‌లో మెడగది పొయ్యిలో కూర్చున్నట్టే ఉంటుంది, తాటాకు కప్పు వేసేదాకా వాళ్ళు కింద చాప మీదే పడుకున్నారు. జాకీలకి కిరసనాయిలు గుడ్డ చుడితే జెర్రులు ఎక్కవు. వానాకాలం బట్టలు ఆరవు, దానికి మందు లేదు.

"మరి మూడింట్లో ఏది తీసుకోమంటారు?" అన్నాను. ఈ ప్రశ్న ఎవరిని అడుగుతున్నానో అడిగాకే తెలిసింది.

ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టింది. "ఇదే తీసుకోండి. మొదటిది పనికిరాదు. రెండోదానికి నేల పోయింది. అమ్మగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు గదా, కిటికీ ఉండాల."

"మరి మీరు?"

"మిగిలిందాంట్లో ఉంటాం. నేలకి సెక్క ముక్కలేస్తాడు ఆయన. మాకేటి, అలవాటేగా."

మెట్లు దిగేటప్పుడు మిరపమొక్కలు తగలకుండా దిగాను. గేటు దగ్గర ఆగి, చేతులు జోడించి, గొంతు సవరించుకున్నాను. గంటసేపటి నుంచి కూడదీసుకున్న మాట బయటికొచ్చింది.

"ధన్యవాద్ దీదీ."

హిందీలో. ఆవిడ నవ్వి గేటు వేసుకుంది.

సాయంత్రం ఐదింటికి బజారులో కాంట్రాక్టరు ఆఫీసుకెళ్ళాం. మేనేజరు ఒక కాగితం ఇచ్చి, కావలసిన నంబరు రాసి సంతకం పెట్టమన్నాడు. సింహాచలం నా వైపు చూడలేదు. నేను రెండు అని రాశాను.

"దో? సబ్ లోగ్ తీన్ మాంగ్తా హై" అన్నాడు మేనేజరు. అందరూ మూడోదే అడుగుతారట.

"దో" అన్నాను.

బయటికొచ్చాక సింహాచలం, "ఇరుసు మంచిదే బావా. నేల నేనేస్తాను. కిటికీ కూడా కోస్తాను" అన్నాడు. వాడు క్షమాపణ చెప్పే పద్ధతి అది. నాకన్నా నయం. ఆ రాత్రి లాడ్జిలో దోమతెర ఉంది, దోమలు కూడా లోపలే ఉన్నాయి. అంతకుమించి చెప్పుకోదగ్గది లేదు.

మర్నాడు ఉదయం ఆరింటి బస్సు. రెండుచోట్ల బస్సుతో సహా పంటు మీద నీళ్ళు దాటాలి. రెండో రేవు దగ్గర కాన్వాయ్ కోసం, అంటే బండ్లన్నీ వరసకట్టి పోలీసులతో కదిలే వేళ కోసం, గంట ఆగాం. అక్కడి సమోసా బాగుంటుంది. తరువాత వచ్చేది ఆదివాసుల అడవి, అందులో బస్సు ఎక్కడా ఆగదు, ఫొటోలు తీయకూడదు, ఫోను పనిచేయదు. మనసులో ఏదైనా పెట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఆ దారి అంత మంచిది కాదు. రెండో నంబరు రాసి పెద్ద త్యాగం చేశానని కొంతసేపు అనుకున్నాను. నాలుగు మలుపులు తిరిగేసరికి ఆ అనుకోవడం కూడా పల్చబడింది. అసలు సంగతి వేరు. ఆవిడ ముందు ఒక్క మాట తెలుగులో అనడం కన్నా మంచి ఇల్లు వదులుకోవడమే నాకు సులువైంది. అదీ నా సొంత ఖర్చు కాదు. తడినేల మీద అడుగు వేయబోయేది పార్వతి.

అడవి చివర జిర్కాటాంగ్ దాటాక సిగ్నల్ వచ్చింది. పార్వతికి ఫోను చేసి మొత్తం చెప్పాను. స్పేరు టైరు దగ్గర గొంతు తగ్గించాను గాని దాటవేయలేదు.

"కిటికీ ఉన్నదాన్ని వదిలేసి వచ్చారా?" అంది.

"ఆఁ."

"మంచి పని చేశారు. ఆవిడ ముందు ఏమన్నారు?"

"ధన్యవాద్ అన్నాను."

"ఛీ!" అంది పార్వతి. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఇంత సరిగ్గా నన్ను ఎప్పుడూ వర్ణించలేదు. "బండి తెచ్చుకోడానికి మళ్ళీ వెళ్ళాలి కదా? నేనూ వస్తాను. ఆవిడ మెట్ల దగ్గర చెప్పులిప్పి, తెలుగులో చెప్పండి. మీకు మాట రాకపోతే వచ్చేదాకా నిలబడతాను. ఇల్లు చూడ్డానికి అప్పుడే నన్ను తీసుకెళ్ళుంటే ఇంత ఉండేదా?"

కోడిపిల్లల ముసలావిడా ఇదే కదా అన్నది.

సిప్పీఘాట్ దగ్గర బస్సు నెమ్మదించింది. పౌర్ణమి దగ్గరపడుతోందేమో, మా నేల మీద అప్పుడే చీలమండల లోతు నీళ్ళున్నాయి. చక్రాలు నిలబెట్టబోయే చోటు చూపిస్తూ సింహాచలం ఏదో చెబుతున్నాడు. నేను పెదాలు కదుపుతూ ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నాను. చిన్నదే, నాలుగు మాటలు. ముందు సీటులోని కుర్రాడు వెనక్కి తిరిగి, "క్యా బోలా అంకుల్?" అన్నాడు.

వాడికి తెలుగు వచ్చో రాదో ఈసారి నేను ఊహించుకోలేదు. "మీతో కాదు బాబూ" అని తెలుగులోనే చెప్పి, మళ్ళీ మొదలుపెట్టాను.