అప్పలసూరి గారి ఏడుగురు అల్లుళ్లు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే అప్పలసూరికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పనికి ఏ బ్రౌజర్ తెరవాలో తేల్చుకోనిదే ఆయన చెయ్యి మౌస్ మీద పడదు. కంప్యూటర్‌లో ఏడు బ్రౌజర్లు పెట్టుకున్నాడు. వాటిని పేర్లతో పిలవడు. అల్లుళ్లంటాడు. ఆయనకి కూతుళ్లు లేరు. ఆ లోటు అల్లుళ్లకి అడ్డం రాలేదు.

కంప్యూటర్‌తో పాటే వచ్చినవాడు ఇల్లరికపోడు. ఊరందరూ వాడేవాడు పెద్దల్లుడు. ప్రకటనల్ని గుమ్మం దగ్గరే ఆపేసేవాడు గూర్ఖా. మూసెయ్యగానే ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో మరిచిపోయేవాడు మతిమరుపోడు. పాత కంప్యూటర్ మీద కూడా ఆయాసం లేకుండా నడిచేవాడు బక్కోడు. ఒంటినిండా బొత్తాలున్నవాడు సోకులోడు. ఏడోవాడు ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉండనీ, పిలిస్తే పలుకుతాడు" అనేవాడు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి కావడంతో తొందరన్నది ఆయనకి అలవాటు లేదు. ఒకాయన రైలు టికెట్ కోసం వచ్చాడు. అప్పలసూరి కళ్లజోడు సవరించుకుని, "ఎక్కడికెల్లాలి?" అన్నాడు.

"భువనేశ్వర్."

"ఒడిశా వైపయితే బక్కోడు మంచోడు. విశాపట్నం వైపయితే పెద్దల్లుడు."

"టికెట్ ఒకటే కదండీ."

"టికెట్ ఒకటే. మనసులొకటి కావు," అన్నాడు అప్పలసూరి. ఆయన బక్కోణ్ణి తెరిచి, వాడు సర్దుకునేదాకా ఓపిగ్గా కూచుని టికెట్ తీసేసరికి వెయిటింగ్ లిస్టు నలభై దాటింది.

ఆ సెంటర్‌లో రెండో కంప్యూటర్ ముందు కూచునే రాజకుమారికి ఇదంతా చూస్తుంటే ఒళ్లు మండేది. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పిల్ల. పెళ్లయి ఈ ఊరొచ్చాక రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తోంది. ఆయన్ని మావయ్యా అంటుంది. చేరిన మొదటి వారంలోనే విషయం తేల్చెయ్యాలని చూసింది.

"మావయ్యా, ఏ బ్రౌజరయినా అదే సైటుకే ఎల్తాది. రోజూ వాడుకోడానికి ఒకటుంటే సాలు. అన్నీ తెరిస్తే మెమరీ తినేస్తన్నాయి."

"తిననీయమ్మా. అల్లుళ్లన్నాక తినరేటి?"

ఏణ్ణర్ధం కిందట ఏడోవాడు వచ్చినప్పుడు పెళ్లిచూపులు ఆమె కళ్లారా చూసింది. అప్పలసూరి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మొదట 'స్వాతంత్ర్యం' అని టైపు చేసి, ఒత్తులు విరక్కుండా నిలబెట్టగలడో లేదో చూశాడు. తర్వాత ఒకేసారి ఇరవై ట్యాబులు తెరిచి గోడ గడియారం చూస్తూ కూచున్నాడు. ఆనక, మన వివరాలు ఎవరికైనా మోస్తాడేమోనని సెట్టింగులన్నీ చివరి గీత వరకు చదివాడు. సాయంత్రానికి తల పంకించి, "కుర్రోడు నెమ్మదస్తుడే. ఉంచుదాం," అన్నాడు.

ఆయన భార్య పద్మకుమారి అప్పుడే క్యారేజీ పట్టుకుని వచ్చింది. వంకాయ పచ్చికారం ఎలా చెయ్యాలో వీడియో చూపించమని ఆమె మూణ్ణెల్లుగా అడుగుతోంది.

"ఏ అల్లుడిలో సూపించమంటావు?" అన్నాడాయన.

"నాకున్న ఒక్క మొగుడితోనే ఏగలేకపోతన్నాను. ఏడుగురల్లుళ్లతో నేనేటి సేస్తాను?" అని క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. వంకాయ కూర యథాప్రకారం పాత పద్ధతిలోనే ఉంది.

వీటన్నిటికంటే రాజకుమారికి మింగుడుపడనిది ఇంకొకటి. ఏ పని చెడినా ఆయన తప్పు అల్లుళ్ల మీదే వేసేవాడు. ఒక పెద్దమనిషి పుట్టినతేదీ మూడుసార్లు తప్పు చెప్పాడు. "మీరు సరిగ్గానే సెప్పినారు. ఇల్లరికపోడికి సెవుడు," అన్నాడు అప్పలసూరి. ఇంకొకామె పాస్‌వర్డ్ మరిచిపోయింది. "నువ్వు మర్సిపోలేదమ్మా. ఆ మతిమరుపోడి పక్కన కూసున్నాము కదా, అందుకు," అన్నాడు. జనం కూడా అవునవునని తల ఊపి, ఇల్లరికపోణ్ణి నాలుగు తిట్టి, సంతోషంగా వెళ్లేవారు. అదంతా అజ్ఞానమని రాజకుమారి అభిప్రాయం.

ఒక ఆదివారం అప్పలసూరి, పద్మకుమారి అరసవల్లి దర్శనానికి వెళ్లారు. రాజకుమారి ఒక్కతే సెంటర్ తెరిచింది. పావుగంటలో ఆరుగురల్లుళ్లనీ తీసేసింది. పెద్దల్లుడొక్కణ్ణే ఉంచింది. కంప్యూటర్ లేగదూడలా పరిగెత్తింది. పదకొండింటికల్లా పదిహేనుమంది పని అయిపోయింది.

పన్నెండింటికి దానమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి ఊళ్లో అమ్ముతుంది. రేషన్ కార్డుకి ఈకేవైసీ చెయ్యాలి. వేలిముద్ర వేసింది. తీసుకోలేదు. ఇంకో వేలు పెట్టింది. అదీ తీసుకోలేదు.

"ఏటమ్మా, ఏటయినాది?"

"నీ వేళ్లు అరిగిపోయాయి దానమ్మా. గీతలు లేవు. మిషనుకి కనబడతన్నాయి కావు," అంది రాజకుమారి. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

దానమ్మ తన చేతిని తిప్పి చూసుకుంది. అంతవరకు ఎప్పుడూ చూసుకోనట్టు చూసుకుంది. "ఈడనెప్పుడూ ఇలగ అవనేదు. నా సెయ్యేనేటి పాడయినాది," అని ఆ చేతిని పైట కింద పెట్టుకుంది. గంప ఎత్తుకోడానికి కూడా ఎడంచెయ్యే వాడింది. రాజకుమారి మళ్లీ ప్రయత్నిద్దామనేలోపే మెట్లు దిగిపోయింది.

సోమవారం అప్పలసూరి వచ్చి కంప్యూటర్ తెరిచాడు. తెర మీద పెద్దల్లుడొక్కడే ఉండడం చూశాడు. కోప్పడలేదు. ఎవరెవరొచ్చారని అడిగాడు. దానమ్మ సంగతి రాగానే, "దానమ్మప్ప ఏటన్నాది?" అన్నాడు.

"ఏటీ అన్నేదు మావయ్యా. సెయ్యి దాసీసుకుని ఎల్లిపోయినాది."

ఆయన ప్రసాదం పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "అల్లుళ్లని అలగ తరిమీకూడదమ్మా. ఊర్లో మాటొస్తాది," అని ఒక్కొక్కణ్ణే మళ్లీ దించుకోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఆరుగురూ వచ్చేశారు. సైకిల్ తీసుకుని వెళ్లి, మార్కెట్లో దానమ్మని వెతికి ఆయనే పిలుచుకొచ్చాడు.

"రాజకుమారిది తప్పుకాదప్పా, నీదీ కాదు. నిన్న పెద్దల్లుడొక్కడే ఉన్నాడు. ఆడికి నువ్వంటే మొదట్నుంచీ పడదు. ఇలగ కూసో." గోరువెచ్చని నీళ్లతో ఆమె చెయ్యి కడిగించాడు. "ఇది బక్కోడి కోసం." గుడ్డతో తుడిపించి, వేలిని కాస్త రుద్దుకోమన్నాడు. "ఇది గూర్ఖాకి మర్యాద." ఒక్కో అల్లుణ్ణీ తెరుస్తూ ఒక్కో వేలే పెట్టించాడు. నాలుగోవాడి దగ్గర కుడిచేతి ఉంగరం వేలికి మిషను పచ్చదీపం వెలిగించింది.

"సూసినావా? సోకులోడికి నువ్వంటే గౌరవం," అన్నాడు అప్పలసూరి.

దానమ్మ కుడిచేత్తో గంప ఎత్తుకుని వెళ్లింది. పనిచేసింది నీళ్లూ, రుద్దడమూ అని రాజకుమారికి తెలుసు. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో మాత్రం అంతుపట్టలేదు.

నెల తిరక్కుండా ఇంటర్ ఫలితాలొచ్చాయి. సెంటర్ కిటకిటలాడింది. స్టేషన్ దగ్గర ఇడ్లీలు వేసే తులసి కూతురు దుర్గ కూడా వచ్చింది. ఫోనులో చూసుకునే ధైర్యం లేక హాల్‌టికెట్ పట్టుకుని అప్పలసూరి పక్కన నిలబడింది. వెనక ఆమె క్లాసు పిల్లలు నలుగురు, వాళ్ల తల్లులు ఇద్దరు.

ఆయన నెంబరు కొట్టాడు. తెర ఆయన వైపే ఉంది. ఒక క్షణం చూసి మూసేశాడు.

"పెద్దల్లుడికి ఇయ్యాల ఒంట్లో బాగానేదు. అంకెలు తారుమారు సేస్తన్నాడు. రాజకుమారీ, మిగతావోళ్లని నువ్వు సూసీయమ్మా. దుర్గమ్మా, నువ్వు కూసో. మనకి తొందరేటి?"

గూర్ఖాని తెరిచాడు. మూశాడు. "ఈడు గుమ్మం దగ్గరే ఆపీసినాడు." మతిమరుపోణ్ణి తెరిచాడు. "ఏ సంవత్సరమో మర్సిపోనాడు." అలా ఒక్కొక్కరి మీదా ఒక్కో నింద వేస్తూ పావుగంట గడిపాడు. ఈలోగా పాసయినవాళ్లు ప్రింట్లు తీయించుకుని, కేకలు వేసుకుంటూ వెళ్లిపోయారు. రాజకుమారి ప్రింటర్ ఆపేసింది. సెంటర్‌లో ఇంకెవరూ మిగల్లేదు.

అప్పుడు అప్పలసూరి బక్కోణ్ణి తెరిచి, తెరని దుర్గ వైపు తిప్పాడు. లెక్కల్లో ఇరవై మూడు. తప్పింది.

దుర్గ కళ్లు నిండాయి. "నాకు తెలుసు తాతా," అంది.

"ఉండమ్మా. బక్కోడొక్కడి మాటే అది. అందర్నీ అడుగుదాం."

ఇల్లరికపోణ్ణి అడిగారు. ఇరవై మూడు. సోకులోణ్ణి అడిగారు. ఇరవై మూడు. అంతకుముందు ఒంట్లో బాగాలేని పెద్దల్లుణ్ణి మళ్లీ లేపారు. వాడూ అంతే. గూర్ఖా, మతిమరుపోడు కూడా మాట మార్చలేదు. ఏడోవాణ్ణి పిలిచారు. పలికాడు. ఇరవై మూడు.

అప్పలసూరి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇన్నేళ్లలో ఏడుగురూ ఒక్క మాట మీద నిలబడ్డం నేనిదే సూడ్డం. నీ మార్కులకి ఎదురులేదమ్మా."

ముక్కు ఎగబీలుస్తూనే దుర్గ ఫక్కున నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుని సర్దుకుని కూచుంది. "సప్లిమెంటరీ రాస్తాను తాతా. దరఖాస్తు ఏ అల్లుడిలో పెడతావు?"

"ఏదయినా ఒకటేనమ్మా," అన్నాడు అప్పలసూరి. "అన్నీ ఒక సోటికే ఎల్తాయి. బ్రౌజర్‌లో ఏటున్నాది? నువ్వు సాయంత్రాలు వచ్చి ఈ లెక్కలు నేర్సీసుకో, నేను సెప్తాను."

దుర్గ తల ఊపి, వివరాలు రాసిచ్చి వెళ్లింది.

అప్పటికి గాని వెనక రాజకుమారి ఉందని ఆయనకి గుర్తు రాలేదు. కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకుని మళ్లీ తీశాడు.

"వినీసినావేటమ్మా?"

"ఏటి మావయ్యా?" అంది రాజకుమారి, తల ఎత్తకుండా. "ఈ ప్రింటర్ మోతలో ఏటీ వినబడనేదు."

ప్రింటర్ ఆపి అప్పటికి అరగంటయింది.