బెల్లు కొట్టాక నిలబడకూడదు

ఆమెను ఆ వీధిలో అందరూ చక్రాలక్క అంటారు. కాళ్ళకి చక్రాలున్నాయని ఆ పేరు. పెళ్ళయిన కొత్తలో ఆమె అలా ఉండేది కాదట. కూర్చుంటే కూర్చున్న చోటే, నాలుగుసార్లు పిలిస్తే గాని లేచేది కాదట. ఈ మాట ఆమె అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఎవరూ నమ్మరని తెలిసి, కళ్ళు పెద్దవి చేసి మరీ చెబుతుంది.

తిరుగుడు మొదలైంది చెల్లెలు పోయాక. చెల్లెలి ఇల్లు పక్క వీధిలోనే. జబ్బు ముదిరినప్పటి నుంచి చక్రాలక్క రోజూ మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి అక్కడికి పోయేది. తల దువ్వేది, దుప్పటి మార్చేది, నిద్ర పట్టేదాకా కాళ్ళు పట్టేది. చెల్లెలు పోయింది గాని, మధ్యాహ్నం ఎక్కడికి పోతుంది? రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేది. గిన్నెలు సర్దడం అయ్యేసరికి కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి వెళ్ళిపోయేవి. వీధి మలుపు దాకా నడిచి, ఎక్కడికి బయల్దేరానా అని ఆగి, వెనక్కి వచ్చేది. ఇంట్లో ఉంటే ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి పెరట్లోకి.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది అత్తగారు. అని ఊరుకోలేదు. ఒకరోజు చెయ్యి పట్టుకుని సాయం హాలుకి తీసుకెళ్ళి, అక్కడి పెద్దావిడకి అప్పగించింది. "మా కోడలికి పని చెప్పండమ్మా. ఎంతైనా చెప్పండి. మా ఇంట్లో గచ్చు అరిగిపోతోంది."

సాయం హాలంటే ఒకప్పటి సైకిళ్ళ షెడ్డు. రేకు తలుపు తీస్తే ఇప్పటికీ గ్రీజు వాసన వస్తుంది. చుట్టుపక్కల వాళ్ళు ఇచ్చిన బియ్యం, నూనె, సబ్బులు, పిల్లల బట్టలు అక్కడ గుడ్డ సంచుల్లో సర్ది, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకి పంపుతారు. చూసుకునేది నర్సమ్మ. ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ ఇంకా రోగి మంచం పక్కన నిలబడ్డట్టే మాట్లాడుతుంది, మెల్లగా, తిరుగులేకుండా.

అక్కడి పద్ధతి ఒకటుంది. కావలసిన వాళ్ళు ఒక్కసారి వచ్చి, నర్సమ్మ బల్ల పక్క కుర్చీలో కూర్చుని తమ సంగతి చెప్పుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ మొహం చూపించనక్కర్లేదు. వారం వారం సంచి ఇంటికే వస్తుంది. తెచ్చిన మనిషి సంచిని తలుపు దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, తలుపు తెరుచుకునేలోపు వెళ్ళిపోవాలి. పోయిన వారం ఖాళీ సంచి గుమ్మం పక్కన మడత పెట్టి ఉంటుంది, అది పట్టుకు రావాలి. బెల్లు కొట్టాక నిలబడకూడదు. పుచ్చుకునే వాళ్ళు ఎవరి ముందూ తల దించుకోకూడదని నర్సమ్మ పెట్టిన కట్టుబాటు అది.

చక్రాలక్కకి ఈ పని కుట్టించినట్టు సరిపోయింది. నిలబడవద్దంటే ఆమెకన్నా సంతోషించే వాళ్ళెవరు? బెల్లు మోగేసరికి ఆమె కింది మలుపులో ఉండేది.

మోకాళ్ళు అరిగి మెట్లెక్కలేకపోయిన పోస్టుమాన్ తాతయ్య తన వంతు ఇళ్ళు ఆమెకి అప్పజెప్పాడు. అందులో ఒకటి పసిబిడ్డ ఉన్న ఇల్లు. పాత మేడ, పై అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు చివరి తలుపు అని చెప్పాడు. సరేనంది. ఆ మేడకి ముందొక గేటు, వెనకొక గేటు. ముందు మెట్లు ముందు నుంచి, వెనక మెట్లు వెనక నుంచి వచ్చి ఒకే వరండాలో కలుస్తాయి. తాతయ్య ఇల్లు వెనక సందులో కాబట్టి ఆయన ఎప్పుడూ వెనక మెట్లే ఎక్కాడు. చక్రాలక్క ముందు మెట్లెక్కింది. ఆయన ఎడమ, ఆమెకి కుడి అవుతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టడానికి దారేది? తలుపు తీసిన మొహాన్ని చూడకూడదు కదా. పైగా ఆ తలుపు దగ్గర ఖాళీ సంచి ఉతికి, ఆరేసి, అంచు మీద అంచు పెట్టి మడిచి ఉండేది. ఒకసారి తెగిన పిడి కుట్టి ఉంది. ఇంకోసారి సంచిలో పసిపిల్లల పాలపొడి డబ్బా మూత తియ్యకుండా తిరిగొచ్చింది. బిడ్డ అన్నానికి అలవాటు పడి ఉంటుంది, అక్కర్లేనిది దాచుకోకుండా పంపారు, ఎంత మర్యాదస్థులో అనుకుని చక్రాలక్క ఆ డబ్బాని హాల్లో ఇచ్చేసి, ఆ సంగతి ఇంట్లో కూడా మెచ్చుకుంటూ చెప్పింది.

ఆ మర్యాదకి అర్థమేమిటో ఆ బిడ్డ తల్లి హాలుకి వచ్చిన రోజున తెలిసింది. చంటిదాన్ని భుజాన వేసుకుని, బల్ల దగ్గరికి రాకుండా తలుపు పక్కనే నిలబడి అడిగిందామె. "మా ఇల్లు తీసేశారా అమ్మా? తీసేస్తే తీసేశారు గాని, ఎందుకో చెబితే బావుండేది." చాలా వారాలుగా సంచి రాలేదట. అడగడానికి మొహం చెల్లక పక్కింటి వాళ్ళ దగ్గర పాలు అరువు తెచ్చుకుందట. నర్సమ్మ చక్రాలక్క వైపు చూసింది. చక్రాలక్క ఆ తల్లిని తలుపు ఏ వైపని అడిగింది, ఏ మెట్లని అడిగింది. ఇన్నాళ్ళూ తాను సంచి పెట్టింది వరండా అవతలి చివర తలుపు దగ్గరని తెలిసింది.

నర్సమ్మ కేకలు వెయ్యలేదు. రెండు సంచులు నింపి, పాలపొడి పెట్టించి, ఆ తల్లిని రిక్షాలో ఇంటికి పంపింది. తర్వాత, వచ్చే వారం నుంచి అసలు తలుపుకే ఇవ్వమంది. మరి ఆ రెండో తలుపు అని చక్రాలక్క అడిగితే, సంచులు రాయించుకున్న ఇళ్ళకి సరిపోయినన్నే ఉన్నాయంది. వాళ్ళకి నిజంగా లేకపోతే వచ్చి కుర్చీలో కూర్చోమను, ఆ పూటే రాస్తాను, అడగని ఇంటికి పంపితే అడిగిన ఇంటికి ఏం చెప్పను అంది. అందులో తప్పేమీ లేదు. అదే చక్రాలక్క ప్రాణానికొచ్చింది.

ఆ వారమంతా ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, ఒకరోజు అసలు వెయ్యలేదు. ఎవరో మనుషులు, ఏం కష్టమో, సంచి వచ్చే రోజున బెల్లు కోసం చెవులు అప్పగించుకుని కూర్చుంటారు. బెల్లు మోగదు. తలుపు తీసి చూస్తే తాము మడిచి పెట్టిన ఖాళీ సంచి అలాగే ఉంటుంది. పోనీ వెళ్ళి జరిగింది చెబితే, పసిబిడ్డ నోటి దగ్గరిది లాక్కుతిన్నారని మొహాన అన్నట్టవుతుంది. చెప్పకపోతే ఒక రకం పాపం, చెబితే ఇంకో రకం. మన బియ్యం డబ్బాలోంచి తీసి ఇస్తానంటే ఆమె భర్త కాదనలేదు. ఎన్ని వారాలిస్తావు అని మాత్రం అడిగాడు. అత్తగారు మంచం మీద నుంచే తీర్పు చెప్పింది: "వాళ్ళని ఆ కుర్చీ దాకా తీసుకెళ్ళవే. నన్ను చూడు, నిన్ను ఈడ్చుకెళ్ళలేదూ?"

సంచుల రోజు వచ్చింది. చక్రాలక్క అసలు తలుపు దగ్గర సంచి పెట్టి, బెల్లు కొట్టి, అలవాటు ప్రకారం మెట్ల దాకా పరిగెత్తింది. అక్కడ ఆగింది. వరండా రెండో చివర, గుమ్మం పక్కన, ఉతికిన సంచి మడత పెట్టి ఉంది.

వెళ్ళి బెల్లు కొట్టింది. నిలబడింది.

ఆమె బతుకులో అంత కష్టమైన పని ఈమధ్య ఇంకొకటి చెయ్యలేదు. ఒక కాలు మెట్ల వైపు, ఒక కాలు గుమ్మం వైపు లాగుతున్నాయి. కొంగు వేలికి చుట్టింది, విప్పింది. లోపల ఎవరో ఆడమనిషి, సంచి వచ్చినట్టుంది చూడండి అనడం వినబడింది.

తలుపు తీసినతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుడి చేతి వేళ్ళు రెండు సరిగా ముడుచుకోవు. కింద సంచి లేదు, ఎదురుగా మనిషి ఉంది. చూస్తూనే అతని మొహంలో రంగు పోయింది. లోపలి నుంచి ఇల్లాలు తొంగిచూసి, ఇన్నాళ్ళూ సంచి తెచ్చేది మీరేనా అక్కా, ఒక్కసారైనా కనబడరేం, టీ తాగి వెళ్ళండి అంటూ స్టవ్వు వెలిగించబోయింది. అతను, ఆవిడకి తొందర పనుందట, కిందిదాకా వెళ్ళొస్తానని చెప్పి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. చక్రాలక్క వారమంతా వల్లించుకున్న మాటలు మొదలుపెట్టేలోపు అతనే అందుకున్నాడు.

"పొరపాటున వచ్చేది కదమ్మా అది?" అన్నాడు.

"మీకు తెలుసా?"

"పాలడబ్బా చూసిన రోజున తెలిసింది. మా ఇంట్లో పాలు తాగే పిల్లలు లేరు." మెట్ల దాకా నడిచి అక్కడే చతికిలబడ్డాడు. "తెలిసీ తీసుకున్నాను."

మెల్లగా చెప్పుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని. చెయ్యి పుల్లీలో పడ్డాక ఎవరూ పిలవడం లేదు. ఇల్లాలు హాస్టల్లో గదులు తుడుస్తుంది, ఆ జీతం అద్దెకే చాలడం లేదు. సాయం హాలుకి వెళ్ళి అడిగి రమ్మని ఆమే పంపింది. వెళ్ళాడు. రేకు తలుపు దాకా వెళ్ళాడు. లోపల కుర్చీ కనబడింది, కాళ్ళు ముందుకు పడలేదు, తిరిగొచ్చేశాడు. ఇంటికొచ్చి రాయించానని అబద్ధం చెప్పాడు. ఆ వారమే బెల్లు మోగింది, గుమ్మంలో సంచి ఉంది. "నా మొగుడు నాకోసం తల వంచాడు అని ఆ రోజు ఏడ్చిందమ్మా అది. దాని మొహం చూసి ఏం చెప్పను?"

ఆ బిడ్డ ఉన్న ఇల్లు ఏదని అడిగాడు. చక్రాలక్క చెప్పలేదు. అతను వరండాకి ఇటువైపూ అటువైపూ చూశాడు. ఆ చివరి తలుపు తీసి, ఇందాకటి సంచిని ఎవరో అప్పుడే లోపలికి తీసుకుంటున్నారు. ఏ తలుపో అతనికి తెలిసిపోయింది. అరచేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ పిల్ల ఏడుపు రోజూ మా ఇంట్లోకి వినబడేదన్నాడు.

చక్రాలక్కకి వెళ్ళిపోవాలనిపించింది. ఇలాంటి మొహాన్ని చూడకూడదనే కదా ఆ కట్టుబాటు పెట్టింది. వెళ్ళలేదు. అతనికి రెండు మెట్లు పైన కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూడు తమ్ముడూ, ఇవాళ సంచి తేలేదు, వచ్చే వారం నేను ఈ గుమ్మానికి అసలు రాను. మీ ఆవిడ తలుపు తీసి చూస్తుంది. అప్పుడు ఒక అబద్ధానికి ఇంకోటి అతకాలి. నువ్వు అడిగి వచ్చావని ఆమె అనుకుంటోంది కదా. ఇప్పుడు వెళ్ళి అడిగెయ్యి. సరిపోతుంది."

"ఆ కుర్చీలో నేను కూర్చోలేనక్కా."

"నేను కూడా ఎక్కడా కూర్చోలేను. ఊరంతా నన్ను చూసి నవ్వుతారు. ఇదిగో, కూర్చున్నాను."

అతను నవ్వలేదు. తన వంకర వేళ్ళని చూసుకున్నాడు. లోపల ఇల్లాలు గ్లాసులు కడుగుతున్న చప్పుడు. చివరికి లేచి, తలుపు కొంచెం తీసి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. ఎక్కడికండీ అని ఆమె అడిగితే, హాల్లో చిన్న పనుందన్నాడు.

దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. చక్రాలక్క మామూలు నడకన వెళ్ళి, అతను వెనకబడ్డాడని చూసుకుని, ఆగి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ ఆగింది. రేకు తలుపు దగ్గర అతను నిలిచిపోయాడు. వెనకటిసారి వెనక్కి తిరిగింది ఇక్కడి నుంచేనేమో. చెయ్యి పట్టి లోపలికి లాగితే ఒక్క క్షణం పని. చక్రాలక్క చెయ్యి లేచింది కూడా. మళ్ళీ కొంగులోకి దోపుకుంది. లాక్కెళ్తే అతను అడిగినట్టు కాదు.

లోపల నర్సమ్మ సబ్బులు సర్దుతోంది. వచ్చిన మనిషిని చూసి, చక్రాలక్క మొహం చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ సబ్బుల మీదికి వంగింది. చక్రాలక్క అరికాళ్ళు నేల మీద మండుతున్నాయి. వీధిలో లారీ ఒకటి వెళ్ళిపోయింది.

అతను గుమ్మం దాటాడు. కుర్చీ వెనక్కి లాగాడు, కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పసిదానికి ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగానే ఉంది. రెండు రోజులుగా ఏడవట్లేదట" అంది నర్సమ్మ. "నువ్వు కూర్చో నాయనా. ఇంట్లో ఎంతమంది?"

అతను కూర్చున్నాడు. కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇద్దరమే అండీ. నేనూ, మా ఆవిడా."