రెండో ముద్ద

మా అమ్మకు "చాలు" అనే మాట చెవికెక్కేది కాదు. నేను "చాలమ్మా" అని కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్కనుంచే ఇంకో సంగటి ముద్ద జార్చేది. "చాలన్న్యావంటే సగం కడుపు నిండినట్టు. తిను మే," అనేది. మా ఇళ్లలో అంతే, మొదటిసారి చాలన్నవాళ్ల మాట ఎవరూ నమ్మరు.

నిరుడు అమ్మ పోయింది. పాకాలలో మేమిద్దరమే ఉండే ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. రేణిగుంట ఫ్యాక్టరీలో పని చేసి, సాయంత్రం రైలు దిగి తలుపు తీస్తే పలకరించే దిక్కు లేదు. గమ్మున పొయ్యి వెలిగించేదాన్ని. అమ్మ గిన్నె, అమ్మ కొలత. రెండు ముద్దలయ్యేవి. మొదటిది ఆకలికి తినేదాన్ని. రెండోది ఎందుకని అనిపిస్తే, "సంగటి పారేస్తారా ఎవరైనా?" అని నన్ను నేనే కసురుకుని అదీ తినేసేదాన్ని. ఆ పైన మిక్చర్ పొట్లం. నోరాడుతున్నంతసేపూ ఇల్లు అంత నిశ్శబ్దంగా అనిపించేది కాదు మరి.

మోకాళ్లు పట్టేశాయి. షుగర్ అంచు మీద ఉందని, ఇట్లాగే తింటే ఇక జీవితాంతం మాత్రలేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆమెకేం, ఇంటికెళ్తే నలుగురుంటారు!

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అత్త సంగటిలోకి నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి నూరి తెచ్చి, నా కంచం చూసి గడపలోనే నిలబడిపోయింది.

"రెండో ముద్ద ఎవురికి మే?"

"నాకే."

"ఆకలిగా ఉండాదా?"

నేను కంచాన్ని నా వైపు లాక్కున్నాను.

"మీయమ్మ ముద్ద గూడా నువ్వే తింటా ఉండావు. తింటే ఆమె వస్తాదా?" అనేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం, తినేముందు కడుపును అడగడం మొదలుపెట్టాను, నిజంగా ఆకలేనా అని. చాలాసార్లు ఆకలి కాదు. అమ్మ కావాలి. అది తెలిసీ తినేసిన రోజులున్నాయి. తినకుండా కూర్చుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

పోయిన ఆదివారం ఒక్క ముద్దకు సరిపడా నూకలు, పిండి వేశాను. అంత కొంచెం కెలకడం చేతకాక ఉండలు కట్టింది. మెల్లగా తిన్నాను. ఇంకా పిడికెడు మిగిలుండగానే కడుపు నిండింది. అలవాటుకొద్దీ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా," అన్నాను.

ఎవరూ వెయ్యలేదు. చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంచాను.