పక్కింట్లో వినిపించిన పేరు

దయ్యాల కథలంటే నాకు నవ్వొచ్చేది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మళ్లీ చేసి చూపించలేని తప్పు జరగనట్టే లెక్క మా పనిలో. ఇది నాకు ఒక్కసారే జరిగింది.

కరోనా రెండో ఏడాది. నేను, మా ఆయన శ్రీకాంత్ ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో అద్దెకుండేవాళ్లం. మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అక్కడ నోరా అనే ఎనభై దాటిన ఆవిడ ఒంటరిగా ఉండేది.

ఆవిడ పుట్టింది బెల్జియంలో, యూదుల ఇంట్లో. యుద్ధకాలంలో నాజీలకు దొరక్కుండా రెండేళ్ల పిల్లను ఎవరో క్రైస్తవ సన్యాసినుల కాన్వెంటులో దాచారు. కన్నవాళ్లు తిరిగి రాలేదు. తర్వాత ఐర్లండ్ దంపతులు తెచ్చి పెంచుకుని, నోరా అని పేరు పెట్టారు. అసలు పేరేమిటో ఆవిడకే తెలియదు.

లాక్‌డౌన్‌లో ఆవిడ డీఎన్‌ఏ పరీక్షకు లాలాజలం పంపింది, రక్తసంబంధీకులు దొరుకుతారేమోనని. మెయిళ్లు నేను చూసిపెట్టేదాన్ని. పెరట్లో దూరంగా నిలబడి రోజూ అడిగేది, "ఎవరైనా రాశారా?" అని. ఇంకా లేదంటే, ఏం పర్లేదన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అంటూనే ముఖం చిన్నబుచ్చుకునేది.

జనవరిలో ఆవిడకు కరోనా సోకి ఆసుపత్రిలో చేర్చారు. ఇంటి తాళం నాకిచ్చి వెళ్లింది. చూడటానికి ఎవరినీ రానివ్వరు. ఫోన్ చేస్తే ఆక్సిజన్ మీద ఉందనేవారు. ఈలోపు ఏమైనా అయిపోతే? ఆ మెయిల్ పేజీ గంటకోసారి తెరిచి చూసేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం పక్కింట్లోంచి ఆడగొంతు వినిపించింది.

"రైజెలె... రైజెలె..."

మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. దొంగలు పడ్డారేమో అనుకున్నాను. పోలీసులకు చెప్పాల్సొస్తుందని, విన్నది విన్నట్టు కాగితం మీద తెలుగులో రాసుకున్నాను.

శ్రీకాంత్ చెవుల్లో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. అతనికేమీ వినపడలేదు; అవి తీసేలోపే గొంతు ఆగిపోయింది. కాగితం చూపించాను.

"ఒక్కదానివే పోకు, ఆగు, నేనొస్త" అన్నాడు.

తాళం తీసి నోరా ఇంట్లోకెళ్లాం. వెనక తలుపుకు లోపలి గడియ వేసే ఉంది. టీవీ ప్లగ్ తీసేసి ఉంది. ఇల్లంతా వెతికాం. ఎవరూ లేరు.

నాలుగు రోజులకు మెయిల్ వచ్చింది. డీఎన్‌ఏ కలిసిందని బెల్జియంలోని యాంట్‌వర్ప్ నుంచి, నోరా పెద్దమ్మ కూతురు రాసింది: "మా పిన్నికి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం రైజెలె అని పిలిచేవాళ్లం."

శ్రీకాంత్ ఆ కాగితం, మెయిల్ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నువ్వు ముందే ఎక్కడన్న చదివినవేమో?"

"ఎక్కడ చదువుత? ఆమెకే తెల్వదు గద!"

వార్డుకు ఫోన్ చేశాను. నర్సు దాన్ని నోరా చెవి దగ్గర పెట్టింది. పేరు చెప్పాను. "ఇంకోసారి అను" అంది ఆవిడ. నర్సు ఫోన్ తీసుకునేదాకా అంటూనే ఉన్నాను.

ఆవిడ బతికింది. ఇంటికొచ్చి, వీడియోలో అక్కను చూసుకుంది. గొంతు సంగతి అప్పుడు చెప్పి, కాగితం చేతికిచ్చాను. తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది.

"కోపంగా పిలిచిందా?"

"లేదు."

"భయపడుతోందా?"

"లేదు. అన్నానికి పిలిచినట్టు పిలిచింది."

అబద్ధం చెప్పాను. గుంపులో చెయ్యి జారిపోయిన పిల్లను వెతుక్కునే గొంతు అది. నోరా పోయిన ఏడాది కన్నుమూసింది, ఆ నిజం తెలియకుండానే. ఆ గొంతు ఎవరిదో నాకిప్పటికీ తెలియదు.