చీర మీద పెట్టుకోని పతకం

“రేపు ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె మమ్మీ?”

స్కూటీ వెనక కూర్చున్న సంతోషి ఈ మాట అడగడం ఇది మూడోసారి. స్వప్న మూడోసారి కూడా అదే జవాబు చెప్పింది.

“ఎవ్వరు అడగరు. అడిగితే నలభై రోజులు రాసిన్నని చెప్పు.”

“ఆరు రోజులు నేను రాయలే కద.”

సాగర్ రోడ్డు మీద కంపెనీ బస్సు ఒకటి హారన్ మోగిస్తూ పక్కనుంచి పోయింది. స్వప్న వినపడనట్టు స్కూటీ వేగం పెంచింది. కానీ వీపుకు ఆనుకున్న పిల్ల గుండె కొట్టుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

సంతోషి ఏడో తరగతి. బడిలో గైడ్స్ దళంలో ఉంది. నలభై రోజులు ఏ రోజూ తప్పకుండా ఎండ, వాన, గాలి చూసి డైరీ రాసినవారికి కంచు పతకం ఇస్తామని దళం చూసే రమ టీచర్ జూన్‌లోనే చెప్పింది. పిల్ల మేడ మీద థర్మామీటర్ వేలాడదీసింది. కోసిన ప్లాస్టిక్ సీసాకు స్కేలు అంటించి వాన కొలిచే సాధనం చేసింది. రోజూ పొద్దున ఏడింటికి బడి బట్టల్లో మేడెక్కి రాసుకునేది. వినాయక చవితి దాటాక స్వప్న అక్కకు ఆపరేషన్ అయింది. దేవరకొండ పోయి ఆరు రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి సీసా మేడ మీద బోర్లా పడి ఉంది. కోతులు పడేశాయనుకుంది స్వప్న.

ఆ ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే పిల్ల పెన్సిలే తీసుకుని ఆ ఆరు గళ్లు తనే నింపింది. ముందురోజుల అంకెలు, తర్వాతి రోజుల అంకెలు చూసుకుని మధ్యకు సరిపోయేలా వేసింది. వాన గడిలో ఆరు రోజులూ సున్న పెట్టింది. స్వప్న కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఇబ్రహీంపట్నం దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూస్తుంది. ప్రయోగం చేయకుండా అంకెలు వేసుకొచ్చే పిల్లల రికార్డులను ఎర్ర పెన్నుతో కొట్టేయడం ఆమెకు రోజువారీ పని. ఆ రోజు మాత్రం ఆమెకు ఎర్ర పెన్ను గుర్తు రాలేదు. తన పిల్ల నోరు లేనిది, ఏ పోటీలోనూ పేరు వినపడనిది, అందరూ ముందుకు పోతుంటే వెనక నిలబడిపోతుందేమోనన్న భయం ఒక్కటే ఆమెను ఆడించింది. భర్త రమాకాంత్‌కు ఫోన్‌లో చెబితే అతను ఆదిభట్ల నుంచి వచ్చే బస్సులోనే నవ్వేసి, “అందరు చేస్తరు, ఫికర్ చెయ్యకు,” అని ఫోన్ పెట్టేశాడు.

పతకం వచ్చింది. రేపు పొద్దున ర్యాలీ. పతకాలు వచ్చినవాళ్లు వాటిని యూనిఫాం మీద పెట్టుకుని రావాలి. పెట్టుకోవడానికి జేబు పైన కుట్టు పని ఉంది. ఆ పని చేసేది ఊళ్లో ఒక్కతే.

నీలమ్మ దుకాణం బస్ డిపో దగ్గర ఒక పాత బిల్డింగు మెట్ల కింద ఉంది. నిలబడితే తలకు మెట్ల అడుగు తగులుతుంది. కుట్టు మిషన్ వాకిలికి అడ్డంగానే పెట్టాలి, వేరే చోటు లేదు. పొద్దున నీలమ్మ లోపలికి పోయి మిషన్‌ను తన ముందుకు లాక్కుంటే, సాయంత్రం మళ్లీ జరిపేదాకా బయటికి రావడానికి లేదు. బొంగులూరులో వాళ్లకు ఎకరన్నర ఉండేది. రింగురోడ్డు మాట పుట్టకముందే అమ్ముకున్నారు. భర్త బాలస్వామి కాలేజీ బస్సు నడిపేవాడు. మోకాళ్లు పోయి ఇంట్లోనే ఉంటున్నాడు. ఊరి చుట్టూ వెంచర్లు లేచినకొద్దీ అద్దె పెరిగింది కానీ మెట్ల కింద చోటు పెరగలేదు.

ఊళ్లో ఉన్న ఆరేడు బడుల స్కౌట్, గైడ్ యూనిఫాంలు ఆమె చేతి మీదుగానే పోయేవి. పతకాల విషయంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. పతకం బరువుకు బట్ట జారకుండా జేబు పైన లోపలివైపు బక్రం అనే గట్టి బట్ట ముక్క వేసి ఆమే కుడుతుంది. పిన్ను దూర్చడానికి కావలసిన రెండు దారపు లూపులు మాత్రం తను కుట్టదు. సూది పిల్ల చేతికి ఇస్తుంది. కుడుతూ ఆ పతకం ఎట్లా వచ్చిందో చెప్పాలి.

“మా మమ్మీ కుడితే కాదా ఆంటీ?” సంతోషి చిన్నగా అడిగింది.

“మీ అమ్మకొచ్చిందా పతకం?” అంది నీలమ్మ, దారానికి మైనం రాస్తూ. “వచ్చినోళ్లే కుట్టుకోవాలె బిడ్డా. గుచ్చుకుంటే గుచ్చుకుంటది. కూసో ఆ మెట్టు మీద.”

స్వప్నకు అక్కడినుంచి వెళ్లిపోవాలనిపించింది. కానీ కమీజు నీలమ్మ ఒళ్లో ఉంది, పిల్ల చేతిలో సూది ఉంది, రేపు పొద్దున ర్యాలీ ఉంది. చేతి సంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

నీలమ్మ చెక్క స్కేలుతో జేబు అంచు నుంచి కొలిచి సుద్దతో రెండు చుక్కలు పెట్టింది. “వంకర పెట్టుకుంటే మెడల్ ఉన్నా లేనట్టే. చున్నీ దాని మీదికి రావద్దు. పక్కన పువ్వులు, పిన్నులు ఏం పెట్టుకోవద్దు. క్యాంపుల పని చేసేటప్పుడు తీసి డబ్బిల పెట్టుకోవాలె. ఆఁ, చెప్పు, ఎట్లొచ్చింది?”

సంతోషి మొదటి లూపు మీద తల వంచి మెల్లగా చెప్పింది. థర్మామీటర్ సంగతి, సీసా సంగతి, పొద్దున ఏడింటి సంగతి. చెబుతుంటే గొంతు కాస్త తెరుచుకుంది. ముప్పైనాలుగు రోజులు నిజంగా చేసిన పని కదా.

నీలమ్మ చేతిలో పని ఆపింది. ముఖం వెలిగింది.

“వాన కూడ కొలిచినవా? అయితే నాకొకటి చెప్పాలె నువ్వు. చవితి అయినంక మూడోనాడు ఎంత పడ్డది? మూడు గంటలైతున్నది, ఒక్కసారి కుండలు గుమ్మరించినట్టు కొట్టింది. రోడ్డు మీది నీళ్లన్ని గీ మెట్ల కిందికే. కరెంటు పోయింది. నీళ్ల బరువుకు మిషన్ జరపరాలే నాకు. మీ బడివే ముప్పై ఆరు కమీజులు కత్తిరించి పెట్టిన్న. అన్ని మూటగట్టి నెత్తి మీద పెట్టుకోని రెండు గంటలు గిట్లనే నిలబడ్డ. బయటికి పోరాదు, కూసోరాదు. మెట్ల మీద పోయేటోళ్ల చెప్పుల చప్పుడు ఇనపడుతది, నా అరుపు ఎవ్వరికి ఇనపడదు. గప్పటినుంచి అడుగుదామనుకుంటున్న ఎవరినన్న, అసలు ఎంత వాన పడ్డదని. నీ బుక్కుల ఉంటది చూడు.”

డైరీ పిల్ల సంచీలోనే ఉంది. రేపు ర్యాలీలో బల్ల మీద పెట్టాలి. సంతోషి తల్లివైపు చూసింది. వద్దు అనడానికి స్వప్నకు కారణం కావాలి, ఏ కారణమూ దొరకలేదు. పిల్ల డైరీ తెరిచి తేదీ వెతికి వేలు పెట్టింది.

“సున్న,” అంది.

మెట్ల మీదుగా ఎవరో పైకి పోయారు. నాలుగైదు అడుగుల చప్పుడు తల మీదనే వినిపించింది.

“సున్ననా?” అంది నీలమ్మ. తన మోకాళ్లవైపు చూసుకుంది. “ఆనాడు గీడిదాక వచ్చింది ఆ సున్న.”

సంతోషి ఏడవలేదు. సూది అట్లాగే పట్టుకుని కూర్చుంది. బోర్లాపడ్డ సీసా స్వప్న కళ్లముందుకు వచ్చింది. కోతులు కాదు, గాలివాన. సీసా తన సాక్ష్యం తాను చెప్పింది, చదవాల్సిన మనిషే చదవలేదు. ఊళ్లో ఒక్కరిని అడిగినా తెలిసేది. అడగలేదు.

“అది నేను రాసిన అక్కా,” అంది. “ఆరు రోజులు మేం ఊళ్లె లేం. పిల్లకు తెల్వదు. అంటే, తర్వాత తెలిసింది.”

నీలమ్మ మిషన్ బల్ల సొరుగు లాగింది. బాబిన్లు, విరిగిన సూదులు, సుద్ద ముక్కలు. వాటి వెనక నుంచి పౌడర్ డబ్బా తీసింది. అందులో రంగు వెలిసిన రిబ్బనుతో ఒక పతకం.

“నాది,” అంది. “గర్ల్స్ హైస్కూల్ల గైడ్స్ ఉండె అప్పుడు. ఎండాకాలం బస్టాండ్ కాడ చలివేంద్రం పెడితిమి. యాభై రెండు రోజులు. పిల్లలందరు నాలుగు రోజులొచ్చి బందు వెట్టిండ్రు. నేను ఒక్కనాడు తప్పలే. నన్ను చూసుకోనీకి పిలగానోళ్లు వచ్చిన్నాడు గూడ పొద్దున రెండు కుండలు నింపి వచ్చి చీర కట్టుకున్న. జూన్ల మెడల్ ఇచ్చిండ్రు. ఆ నెలనే పెండ్లి.”

“ఎన్నిసార్లు పెట్టుకున్నరు ఆంటీ?” సంతోషి అడిగింది.

“ఒక్కసారి. రెండు గంటలు.”

“మళ్లెందుకు పెట్టుకోలే?”

“దేని మీద పెట్టుకోను? చీర మీదనా?” నీలమ్మ నవ్వింది. “మా టీచరమ్మ ఒక్కటే చెప్పింది. యూనిఫాం మీద తప్ప ఇంక దేని మీద పెట్టుకోవద్దు, నువ్వు చేసినదానికి తప్ప ఇంక దేనికి పెట్టుకోవద్దు అని. నాకు మెడల్ ఉంది, యూనిఫాం లేదు. వెయ్యి యూనిఫాంలు కుట్టిన, ఒక్కటి నాది కాదు.”

రెండేళ్ల కింద ఒక బడి కరస్పాండెంటు వార్షికోత్సవంలో ఆమెకు సన్మానం చేస్తానన్నాడు. పతకం చీరకు పెట్టుకుని స్టేజీ ఎక్కితే ఫొటో బాగా వస్తుందని. ఆమె కుదరదంది. “గింత దానికి గంత పట్టింపేందమ్మా” అని కోపం చేసుకుని ఆ బడి యూనిఫాంలు హైదరాబాద్‌లో కుట్టించుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి నీలమ్మ గొప్పగా చెప్పలేదు. చెప్పి, మిషన్ మీద చెయ్యి వేసి, బయటి రోడ్డు వైపు చూసింది. ఆ పట్టింపు ఆమెను ఈ మెట్ల కింద ఇంకాస్త బిగించిందని స్వప్నకు అర్థమైంది.

“ఇప్పుడేం చెయ్యాలె అక్కా?”

“నన్నడుగుతవేంది? సూది పట్టుకున్నది నీ బిడ్డ.”

సంతోషి మొదటి లూపు ముడి వేసి దారం తెంపింది. రెండో చుక్క మీద సూది పెట్టి ఆగింది. తర్వాత సూదిని తిరిగి నీలమ్మ చేతికిచ్చింది.

స్వప్న అక్కడినుంచే రమ టీచర్‌కు ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. పతకం తిరిగి ఇచ్చేస్తామంది.

“ఏంది మేడం మీరు, గిప్పుడా చెప్పేది?” అంది రమ టీచర్. “లిస్టు పంపిన. పేరు అచ్చయింది. ఇప్పుడు తీసేస్తే మిగతా పిల్లలందరి డైరీలు తెరిపిస్తరు. మా బడి ఇజ్జత్ పోతది. పిల్లకు పెట్టి పంపుండ్రి. ఆరు రోజులకేమైతది?”

తిరిగి ఇవ్వబోతే తీసుకోరు, పెట్టుకుంటే అబద్ధం. నిజం చెబితే బరువు దిగుతుందనుకుంది స్వప్న. దిగకపోగా, ఆ పతకం సంచీలో ఇంకా బరువెక్కింది. పిల్ల కోసం తాను కట్టిన గోడల మధ్య పిల్లతోపాటు తానూ ఇరుక్కుంది. ఏ వైపునుంచీ వాకిలి లేదు.

“ఆ లూపు ఇప్పాలెనా ఆంటీ?” సంతోషి అడిగింది.

“ఉండనియ్యి,” అంది నీలమ్మ. “అది నువ్వే కుట్టినవు కద.”

మర్నాడు పొద్దున గ్రౌండులో లేత నీలం కమీజుల వరసలు. తల్లిదండ్రులను తాడు అవతల నిలబెట్టారు. పరిశీలనకు వచ్చిన పెద్దామె చేతిలో జాబితాతో ఒక్కొక్కరి ముందు ఆగుతోంది. సంతోషి ముందు కూడా ఆగింది. రమ టీచర్ పక్కనే ఉంది, ముఖం గట్టిగా పెట్టుకుని. స్వప్న తాడు పట్టుకుని ముందుకు వంగింది. దూకి పోయి తనే జవాబు చెప్పాలనిపించింది. తాడు ఆపింది. ఒక విధంగా ఆ తాడే మేలు చేసింది.

“పతకం ఏదమ్మా? ఈ ఒక్క లూపేంటి?”

“మెడల్ కోసం కుట్టిన మేడం,” అంది సంతోషి. తాడు దాకా వినపడింది. “నలభై రోజులు కావాలె. నాయి ముప్పైనాలుగే అయినయి.”

ఆమె జాబితా చూసింది, పిల్లను చూసింది, రమ టీచర్‌ను చూసింది. పెన్నుతో ఏదో రాసుకుని ముందుకు కదిలింది. ఏం రాసిందో ఎవరికీ తెలియలేదు. ఆ వారమంతా రమ టీచర్ సంతోషితో ముక్తసరిగానే మాట్లాడింది. పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పతకం ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక సంతోషి కొత్త డైరీ మొదలుపెట్టింది. పన్నెండో రోజు జ్వరం వచ్చి మేడెక్కలేకపోయింది. ఆ సాయంత్రం స్వప్న పిల్ల కమీజు చేతులు పొడవు చేయించడానికి మెట్ల కింది దుకాణానికి పోయినప్పుడు ఆ ఖాళీ గడి సంగతి చెప్పింది. చూస్తుంటే చేతులు దురద పెడుతున్నాయంది.

నీలమ్మ మిషన్ ఆపకుండానే చెప్పింది. “ఖాళీ ఉంటే ఖాళీనే ఉండనియ్యి చెల్లె. నువ్వు నింపితివా, మళ్ల దాంట్ల ఆ పిల్లకు జాగ ఉండదు.”

ఇప్పుడు ఆ డైరీ వంటింటి గోడకు వేలాడుతుంది. పక్కనే పెన్సిలు దారానికి కట్టి ఉంటుంది. స్వప్న రోజూ దాని ముందునుంచే పోతుంది. ముట్టుకోదు.